నిబంధనలు చదివిన జాతీయవాది: అలెక్స్ సామండ్

అందరికీ నమస్కారం.

ముందు ఒక లెక్క చెబుతాను. 1979 మార్చి 1న స్కాట్లాండులో రెఫరెండం, అంటే ఒక ప్రశ్న మీద జనం నేరుగా వేసే ఓటు, జరిగింది. అడిగింది స్వాతంత్ర్యం గురించి కాదు. ఎడింబరోలో ఒక చిన్న శాసనసభ ఉండాలా వద్దా, అంతే. పోలైన ఓట్లలో 51.6 శాతం ఉండాలన్నాయి. అయినా ఓడిపోయారు. ఎలాగంటారా? ఆ చట్టం లండన్ పార్లమెంటులో చర్చకు వచ్చినప్పుడు జార్జ్ కన్నింగ్‌హామ్ అనే లేబర్ సభ్యుడు ఒక సవరణ పెట్టి నెగ్గించుకున్నాడు. ఓటేసినవాళ్లలో సగం దాటితే చాలదు, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది 'అవును' అనాలి. జాబితాలో ఉన్న అందరి మీదా లెక్కేస్తే 'అవును' అన్నవాళ్లు 32.9 శాతం. అంటే ఓటేయకుండా ఇంట్లో కూర్చున్నవాడు కూడా 'వద్దు' కిందే జమ. శాసనసభ అటకెక్కింది.

ఆ కోపంలో స్కాట్లాండు స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ, ఇకమీదట ఎస్‌ఎన్‌పీ అందాం, లేబర్ ప్రధాని కాలహన్ ప్రభుత్వం మీద అవిశ్వాసానికి దిగింది. అక్కడ క్రిస్మస్ విందుకు కోసేది టర్కీ కోళ్లనే; ఆ కోళ్లే పండగ ముందుకు జరపమని ఓటేస్తున్నాయని కాలహన్ ఎకసెక్కం చేశాడు. మార్చి 28న 311కి 310, ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. మేలో ఎన్నికలొచ్చాయి, కన్సర్వేటివ్ నాయకురాలు థాచర్ వచ్చింది, ఎస్‌ఎన్‌పీకి ఉన్న 11 సీట్లలో రెండే మిగిలాయి. టర్కీ కోళ్ల మాట అక్షరాలా నిజమైంది.

తర్వాతి రోజుల్లో స్కాట్లాండు ప్రభుత్వాన్ని నడిపి, 2014లో స్వాతంత్ర్యం మీదే ఓటు పెట్టించిన అలెక్స్ సామండ్‌కు అప్పటికి 24 ఏళ్లు. ఆయన పేరు రాతలో 'సాల్మండ్' అని కనబడుతుంది కానీ అక్కడివాళ్లు 'ల్' పలకరు. ఆ తర్వాత 35 ఏళ్లపాటు ఆయన చేసిన రాజకీయమంతా ఆ 40 శాతం నిబంధనకు జవాబని నా అభిప్రాయం. ఆవేశం ఎంతున్నా ఆటలో గెలుపు నిబంధన రాసినవాడిదేనని ఆయన చిన్న వయసులోనే చూశాడు.

పుట్టింది 1954 డిసెంబరు 31న, లిన్‌లిత్‌గో అనే పాత పట్టణంలో. తల్లిదండ్రులిద్దరూ ప్రభుత్వోద్యోగులు. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం, మధ్యయుగ చరిత్ర చదివాడు. 1973లో ఎస్‌ఎన్‌పీలో చేరాడు. చదువయ్యాక స్కాట్లాండు వ్యవసాయ, మత్స్య శాఖలో ఆర్థికవేత్త ఉద్యోగం, 1980లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండు, అంటే ఆర్‌బీఎస్. అక్కడ ఆయన పని చమురు. ఉత్తర సముద్రంలో బ్యారెళ్లెన్ని, ధరెంత, పన్నెంత అని లెక్కగట్టే పని. ఆ చమురు స్కాట్లాండుదేనన్న నినాదంతోనే ఎస్‌ఎన్‌పీ 1974 అక్టోబరు ఎన్నికల్లో 11 సీట్లు, స్కాట్లాండు ఓట్లలో 30 శాతం తెచ్చుకుంది. నినాదం పార్టీది, లెక్క సామండ్‌ది. టీవీ చర్చల్లో ఎదుటివాళ్లు ఆయనకు జడిసింది అందుకే. గుర్రప్పందేల పిచ్చి కూడా ఉండేది, పత్రికలో పందేల మీద కాలమ్ రాసేవాడు. దాన్ని వినోదం కింద కొట్టిపారేయకండి. ఏ అవకాశానికి ఎంత కాయాలో తూచే బుద్ధి అది.

1981లో మోయిరాను పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ ఆయనకంటే 17 ఏళ్లు పెద్ద. రాజకీయ వేదికల మీద ఆవిడ దాదాపు కనిపించలేదు కాబట్టి నేనూ అక్కడితో ఆపుతాను.

పార్టీ ఆయన్ని ఒకసారి బయటికి గెంటింది కూడా. 1979 ఓటమి తర్వాత పార్టీని వామపక్షం వైపు తిప్పాలని కొందరు '79 గ్రూప్' పెట్టుకున్నారు. పార్టీలో పార్టీ ఏమిటని 1982లో నాయకత్వం వాళ్లను బహిష్కరించింది, సామండ్‌తో సహా. కొన్నాళ్లకే తిరిగి చేర్చుకున్నారు. 1987లో ఈశాన్య తీరంలోని బాన్ఫ్ అండ్ బఖన్ నుంచి, చేపల రేవుల నియోజకవర్గమది, కన్సర్వేటివ్ సభ్యుణ్ణి ఓడించి పార్లమెంటుకు వెళ్లాడు. మరుసటి ఏడాది బడ్జెట్ రోజున చేసిన పని దేశమంతా చూసింది. ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ ఆదాయపన్నులు తగ్గిస్తూ ప్రసంగిస్తున్నాడు; పై తరగతి పన్ను 60 నుంచి 40 శాతానికి దిగింది ఆ బడ్జెట్‌లోనే. బడ్జెట్ ప్రసంగానికి ఎవరూ అడ్డు తగలరు, అది అక్కడి సంప్రదాయం. సామండ్ లేచి ఇది సిగ్గుమాలినతనం అన్నాడు. సభ వారంపాటు సస్పెండ్ చేసింది. స్కాట్లాండులో తలపన్నును మిగతా దేశం కంటే ఏడాది ముందే వేయబోతున్న రోజులవి. ఆ వారం సస్పెన్షన్‌తో వచ్చిన పేరు డబ్బు పోసినా రాదు.

1990లో పార్టీ నాయకత్వానికి పోటీచేసి మార్గరెట్ యూయింగ్‌ను 486కి 146 ఓట్లతో ఓడించాడు. వయసు 35.

ఎస్‌ఎన్‌పీలో అప్పుడు రెండు వర్గాలుండేవని తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. ఒకరు 'ఫండమెంటలిస్టులు': స్వాతంత్ర్యమే కావాలి, మధ్యలో శాసనసభ ఉచ్చు, ఆ బిస్కెట్ వేసి మన నోరు మూయిస్తారు అనేవాళ్లు. ఇంకొకరు 'గ్రాడ్యువలిస్టులు': ముందు శాసనసభ తీసుకుందాం, నడిపి చూపిద్దాం, నమ్మకం కుదిరాక జనాన్ని స్వాతంత్ర్యం అడుగుదాం అనేవాళ్లు. సామండ్ ఈ మెట్ల వర్గం. 1997 సెప్టెంబరు 11న బ్లెయిర్ ప్రభుత్వం రెండో రెఫరెండం పెట్టినప్పుడు ఆయన తన ప్రత్యర్థి, లేబర్ నాయకుడు డొనాల్డ్ డ్యూయర్‌తో కలిసి ప్రచారం చేశాడు. ఈసారి 40 శాతం నిబంధన లేదు. అయినా ఆ గీటురాయి మీద పెట్టి చూడండి: 74.3 శాతం పార్లమెంటు కావాలన్నారు, ఓటేసినవాళ్లు 60 శాతం. పాత నిబంధన ఉన్నా నెగ్గేదే.

1999లో ఆ స్కాటిష్ పార్లమెంటుకు జరిగిన తొలి ఎన్నికల్లో మాత్రం చేజేతులా చెడగొట్టుకున్నాడు. లండన్ ఆదాయపన్నును పౌండుకు ఒక పెన్నీ తగ్గిస్తే, ఆ తగ్గింపు మాకొద్దు, ఆ డబ్బు బడులకూ ఆసుపత్రులకూ పెడతామన్నాడు. ఎన్నికల ముందు పన్ను తగ్గింపు వదులుకొమ్మని అడిగితే ఎవడు ఓటేస్తాడు? దానికి తోడు కొసావో విషయమై సెర్బియా మీద నాటో చేస్తున్న బాంబుదాడిని క్షమించరాని తెలివితక్కువతనం అని టీవీలో అన్నాడు. 35 సీట్లు వచ్చాయి, ప్రతిపక్షం. 2000లో నాయకత్వం వదిలేశాడు. తర్వాత వచ్చిన జాన్ స్విన్నీ కాలంలో 2003లో సీట్లు 27కు పడ్డాయి. 2004లో మళ్లీ పోటీచేస్తారా అని అడిగితే, పేరు ప్రతిపాదిస్తే కాదంటాను, ఎన్నుకుంటే రాజీనామా చేస్తాను అన్న మనిషి, కొద్ది వారాల్లో నామినేషన్ వేసి నాలుగింట మూడు వంతుల ఓట్లతో గెలిచాడు. ఉపనాయకురాలిగా నికొలా స్టర్జన్‌ను పక్కన పెట్టుకున్నాడు.

ఇక 2007. ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం.

స్కాటిష్ పార్లమెంటులో 129 సీట్లు. 73 మన అసెంబ్లీ లాగే నియోజకవర్గాలవి. మిగతా 56 ప్రాంతీయ జాబితాలవి: 8 ప్రాంతాలు, ఒక్కోదానికి 7. ఓటరుకు రెండు ఓట్లు. జాబితా సీట్లు పంచేటప్పుడు పార్టీకి వచ్చిన జాబితా ఓట్లను, ఆ ప్రాంతంలో అది అప్పటికే గెలిచిన సీట్లకు ఒకటి కలిపి, ఆ అంకెతో భాగిస్తారు. ఊరికే లెక్క కోసం చూడండి. ఒక పార్టీకి 2,00,000 జాబితా ఓట్లు వచ్చాయి, కానీ 4 నియోజకవర్గాలు ముందే గెలిచింది. 5తో భాగిస్తే 40,000. ఇంకో పార్టీకి 60,000 ఓట్లే, ఒక్క నియోజకవర్గమూ లేదు. 1తో భాగిస్తే 60,000. మొదటి జాబితా సీటు రెండో పార్టీకే. సీటు వచ్చిన ప్రతిసారీ దాని భాజకం ఒకటి పెరుగుతుంది. నియోజకవర్గాల్లో దులిపేసినవాడికి జాబితాలో కోత పడుతుందన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం.

2007 మే 3న ఎస్‌ఎన్‌పీకి 47, లేబర్‌కు 46, కన్సర్వేటివ్‌లకు 17, లిబరల్ డెమోక్రాట్లకు 16, గ్రీన్స్‌కు 2, స్వతంత్రురాలు మార్గో మెక్‌డొనాల్డ్. కన్నింగ్‌హామ్ నార్త్‌లో ఎస్‌ఎన్‌పీ గెలిచింది 48 ఓట్ల తేడాతో. ఆ రోజు రెండు ఓట్లూ ఒకే కాగితం మీద పక్కపక్క వరుసల్లో అచ్చేశారు, పైగా స్థానిక కౌన్సిళ్లకు వేరే పద్ధతిలో ఓటు. జనం తికమకపడి దేశమంతటా లక్షకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. ఆ 48 ఓట్లే ప్రభుత్వాన్ని మార్చాయని చెప్పడం తేలికే, కానీ ఆ నియోజకవర్గం పోయి ఉంటే ఇప్పుడు చెప్పిన భాగహారంలో జాబితా సీటు కలిసొచ్చే వీలుంది. అంత సూటిగా తేలే లెక్క కాదది.

సామండ్ మాత్రం ఫలితాలన్నీ పూర్తి కాకముందే హెలికాప్టర్‌లో ఎడింబరోలో దిగి గెలిచిన నాయకుడిలా మాట్లాడాడు. స్కాట్లాండు ప్రభుత్వాధినేత అయిన ఫస్ట్ మినిస్టర్‌ను ఎన్నికైన సభే ఓటేసి ఎన్నుకుంటుంది. 28 రోజుల్లో తేల్చకపోతే మళ్లీ ఎన్నికలు. కావలసింది 65 కాదు, ఎదుటివాడి కంటే ఎక్కువ. మే 16న 47కు గ్రీన్స్ 2 కలిసి 49, లేబర్ నాయకుడు జాక్ మెకానెల్‌కు 46. మిగతావాళ్లు తటస్థం. అంతే, 129లో 49 ఓట్లతో ఫస్ట్ మినిస్టర్.

మైనారిటీ ప్రభుత్వం ఎలా నడిపాడన్నదే ఆయన అసలు పనితనం. మంత్రివర్గాన్ని 9 మంది నుంచి 6 మందికి తగ్గించాడు. చట్టం అవసరం లేకుండా చేయగలిగినవి ముందు చేశాడు: 'స్కాటిష్ ఎగ్జిక్యూటివ్' అన్న బోర్డు తీసి 'స్కాటిష్ గవర్నమెంట్' అని పెట్టించాడు, కౌన్సిళ్లకు డబ్బిచ్చి ఇంటిపన్ను పెరగకుండా ఆపాడు. ఫోర్త్, టే వంతెనల మీద టోలు 2008లో రద్దయింది, మందుల చీటీ మీద వసూలుచేసే రుసుము అంచెలంచెలుగా 2011 నాటికి పోయింది. ఎడింబరో ట్రాము పథకం వద్దంటే ప్రతిపక్షాలన్నీ ఏకమై ఓడించాయి. సరే అని డబ్బిచ్చాడు, రాజీనామా ఊసెత్తలేదు. బడ్జెట్ దగ్గర మాత్రం కన్సర్వేటివ్‌లతో బేరం: వాళ్లడిగిన 1,000 మంది అదనపు పోలీసులు, చిన్న దుకాణాలకు పన్ను ఊరట.

2009 జనవరిలో ఆ బేరం బెడిసింది. ఇళ్ల ఇన్సులేషన్‌కు ఇస్తామన్న డబ్బు చాలదని గ్రీన్స్ ఎదురు తిరిగారు. 64కి 64. సభాధ్యక్షుడు తన ఓటు బడ్జెట్‌కు వ్యతిరేకంగా వేశాడు. వెంటనే సామండ్, బడ్జెట్ నెగ్గకపోతే దిగిపోతాను, ఎన్నికలకు పోదాం అన్నాడు. ఆర్థిక సంక్షోభం నడుమ ఎవరికి ఎన్నికలు కావాలి? వారం తిరక్కుండా అదే బడ్జెట్ చిన్న మార్పులతో 123కి 2 ఓట్లతో నెగ్గింది.

ఆయన లెక్క తప్పిన చోటు కూడా ఈ కాలంలోనే ఉంది. ఐర్లాండ్, ఐస్‌లాండ్, నార్వేలను కలిపి 'సంపదల వంపు' అని పొగిడి మనమూ అందులో చేరదామనేవాడు. ఆర్‌బీఎస్ డచ్చి బ్యాంకు ఏబీఎన్ ఆమ్రోను కొనబోతుంటే 2007లో దాని అధిపతికి మద్దతుగా ఉత్తరం రాశాడు. 2008లో ఐస్‌లాండ్ బ్యాంకులు కూలాయి, ఐర్లాండ్ చితికింది, ఆర్‌బీఎస్‌లో బ్రిటన్ ఖజానా చివరికి 4,550 కోట్ల పౌండ్లు పోయవలసి వచ్చింది. చిన్న దేశం అంత పెద్ద బ్యాంకుల్ని మోయగలదా అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది, 2014 దాకా ఆయన్ని వదల్లేదు.

అయినా 2011లో జనం ఆయనకే పట్టం కట్టారు: 53 నియోజకవర్గాలు, 16 జాబితా సీట్లు, మొత్తం 69. ఏ ఒక్కరికీ మెజారిటీ రానివ్వదని అందరూ అనుకున్న పద్ధతిలో మెజారిటీ. ఈశాన్య ప్రాంతంలో పది నియోజకవర్గాలకు పదీ గెలిచి, 11తో భాగించాక కూడా ఒక జాబితా సీటు తెచ్చుకున్నారంటే ఆ ఊపు చూడండి.

ఇప్పుడు రెఫరెండం. మెజారిటీ వచ్చినంత మాత్రాన సరిపోదు. 1998 స్కాట్లాండు చట్టంలో బ్రిటన్ రాజ్యాంగ సంబంధం, అంటే యూనియన్, లండన్ చేతిలో ఉంచుకున్న విషయం. దాన్ని దాటే దారి అదే చట్టంలోని 30వ సెక్షన్: రెండు పార్లమెంట్లూ ఒప్పుకుంటే ఒక ఉత్తర్వుతో ఆ అధికారాన్ని తాత్కాలికంగా ఎడింబరోకు ఇవ్వవచ్చు. మన తెలంగాణ ఏర్పడింది కూడా 2014లోనే కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టాలనిపిస్తుంది. పొంతన తక్కువండీ. మనది 3వ అధికరణ కింద పార్లమెంటు చేసిన రాష్ట్ర విభజన, జనం ఓటు అడగలేదు, దేశం మారలేదు. అక్కడ ఓటు అడిగింది దేశం వదిలి వెళ్లడానికి.

2012 అక్టోబరు 15న ఎడింబరోలో బ్రిటన్ ప్రధాని కామెరాన్, సామండ్ రెఫరెండం ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఎవరికి ఏం దక్కిందో చూడండి. కామెరాన్‌కు ఒకటే కావాలి: ఒకే ప్రశ్న, అవునో కాదో. మధ్యేమార్గంగా 'మరిన్ని అధికారాలు' అన్న రెండో ప్రశ్న ఉండకూడదు. సామండ్‌కు ఆ రెండో ప్రశ్న ఉంటే బాగుండు, ఓడినా ఏదో ఒకటి చేతికొస్తుంది. దాన్ని వదులుకుని మూడు తీసుకున్నాడు: తేదీ, 16, 17 ఏళ్లవాళ్లకు ఓటు, ప్రశ్న రాసే హక్కు. ప్రశ్నను ఎన్నికల సంఘం దిద్దింది. 'స్వతంత్ర దేశం కావాలని మీరు అంగీకరిస్తారా?' అంటే జవాబు అవును వైపు మొగ్గుతుందని, 'స్కాట్లాండు స్వతంత్ర దేశం కావాలా?' అని మార్చారు. 40 శాతం లాంటి గడప లేదు, ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. 1979కి ఆయన చెప్పిన జవాబు ఈ ఒప్పందమే.

భయం తగ్గించడం ఆయన వ్యూహం. మనకు ఆరు యూనియన్లున్నాయి, వాటిలో రాజకీయ యూనియన్ ఒక్కటే వదులుతాం, రాణి ఉంటుంది, పౌండు ఉంటుంది, యూరప్ ఉంటుంది, నాటో ఉంటుంది అన్నాడు. నాటో కోసం సొంత పార్టీ మహాసభలో 426కి 332 ఓట్లతో, నాటోలో ఉండకూడదన్న పాత విధానం మార్పించాడు. ఇద్దరు శాసనసభ్యులు పార్టీ వదిలిపోయారు.

ఆ పౌండే మెడకు చుట్టుకుంది. దారులు నాలుగు: లండన్‌తో కలిసి పౌండు, అనుమతి లేకుండా పౌండు, సొంత కరెన్సీ, యూరో. ఆయన ఎంచుకున్నది మొదటిది. అది ఒక్కడే చేసుకోగలిగేది కాదు, ఎదుటివాడు ఒప్పుకోవాలి. 2014 ఫిబ్రవరి 13న ఆర్థికమంత్రి ఆస్బోర్న్ ఎడింబరో వచ్చి కుదరదన్నాడు, లేబర్, లిబరల్ డెమోక్రాట్లు కూడా అదే మాట. రెండో దారి చెబితే బ్యాంకులు కష్టంలో పడ్డప్పుడు ఆదుకునే కేంద్రబ్యాంకు ఎక్కడిదంటారు. మూడోది చెబితే పెన్షన్లూ ఇంటి అప్పులూ ఏ డబ్బులో అంటారు. అందుకే ఆయన, అది బెదిరింపు, ఓటు తర్వాత వాళ్లే దిగొస్తారు అంటూ వచ్చాడు. ఆగస్టు 5 టీవీ చర్చలో 'వద్దు' పక్షం నాయకుడు అలిస్టర్ డార్లింగ్ ఇదొక్కటే పట్టుకుని, ఒప్పుకోకపోతే ఏంచేస్తావు అని అడిగాడు, మళ్లీ అడిగాడు. సూటి జవాబు రాలేదు. లెక్కల మనిషి లెక్కలోనే దొరికిపోయాడు. ఆగస్టు 25 చర్చలో సామండ్ గట్టిగా పుంజుకున్నాడు, సెప్టెంబరు 7న ఒక సర్వేలో 'అవును' 51 శాతం దాకా వెళ్లింది. అప్పుడు లండన్ ఉలిక్కిపడింది. మూడు పార్టీల నాయకులూ మరిన్ని అధికారాలిస్తామని ఒక పత్రిక మొదటి పేజీలో మాట ఇచ్చారు. కామెరాన్ కాగితం మీంచి కొట్టించిన ఆ రెండో ప్రశ్నే దొడ్డిదారిన తిరిగొచ్చింది. ఆ సర్వే వచ్చిన వారంలోనే ఆర్‌బీఎస్, 'అవును' గెలిస్తే రిజిస్టర్డ్ చిరునామా ఇంగ్లండుకు మారుస్తామంది. ఆయన పాత బ్యాంకే!

సెప్టెంబరు 18. ఓటేసినవాళ్లు 84.6 శాతం. 'వద్దు' 20,01,926, 'అవును' 16,17,989. అంటే 55.3, 44.7. 32 కౌన్సిళ్లలో 'అవును' గెలిచింది గ్లాస్గో, డండీ, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, నార్త్ లానార్క్‌షైర్, ఈ నాలుగే. మర్నాడే తప్పుకుంటానని ప్రకటించాడు. ఇంకో చేదు నిజం: ఆయన ప్రభుత్వ శ్వేతపత్రం చమురు బ్యారెల్ దాదాపు 110 డాలర్లుంటుందని వేసుకుంది. 2015 జనవరికే అది 50 కిందికి పడింది. స్వాతంత్ర్య దినంగా అనుకున్న 2016 మార్చి 24 నాటికీ కోలుకోలేదు. గెలిచి ఉంటే మొదటి బడ్జెట్ ఎలా వేసేవారో ఊహించుకోండి.

ఓడిన పార్టీ మాత్రం పెరిగింది. పాతిక వేల సభ్యత్వం ఆరు నెలల్లో లక్ష దాటింది. 2015లో స్కాట్లాండులోని 59 పార్లమెంటు సీట్లలో 56 స్టర్జన్ నాయకత్వంలో ఎస్‌ఎన్‌పీవి, సామండ్ గోర్డన్ నుంచి గెలిచాడు. 2017లో ఓడిపోయాడు. ఆ నవంబరులో రష్యా ప్రభుత్వ చానెల్ ఆర్‌టీలో టాక్‌షో మొదలుపెట్టాడు. ఆ పని ఆయన అభిమానులకు కూడా మింగుడుపడలేదు.

తర్వాతిది జాగ్రత్తగా చెప్పాల్సిన భాగం. 2018 ఆగస్టులో, ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్నప్పుడు మహిళా ఉద్యోగులతో అసభ్యంగా ప్రవర్తించాడన్న ఫిర్యాదులు బయటికొచ్చాయి. ఆయన పార్టీకి రాజీనామా చేశాడు. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి, కలపకూడదు. ఒకటి, ఆయన తర్వాత ఫస్ట్ మినిస్టర్ అయిన స్టర్జన్ ప్రభుత్వం జరిపిన విచారణ పద్ధతి. విచారణాధికారికి ఫిర్యాదుదారులతో అంతకుముందే సంప్రదింపులు ఉన్నందువల్ల అది చట్టవిరుద్ధమని 2019 జనవరిలో కోర్టులో తేలింది. ప్రభుత్వం ఆయన ఖర్చుల కింద 5,12,250 పౌండ్లు కట్టింది. రెండోది క్రిమినల్ కేసు. 2020 మార్చి 23న జ్యూరీ 12 అభియోగాల్లో నిర్దోషి అంది, ఒకదానిలో 'రుజువు కాలేదు' అంది. దోషి, నిర్దోషి కాని ఈ మూడో తీర్పు అప్పట్లో స్కాట్లాండు చట్టపు ప్రత్యేకత, ఫలితం విడుదలే. ఇతరులకు దగ్గరగా మెలగడంలో ఇంకా జాగ్రత్తగా ఉండాల్సిందని ఆయనే సాక్ష్యంలో ఒప్పుకున్నాడు. చట్టం దృష్టిలో బయటపడ్డాడు, స్టర్జన్‌తో స్నేహం మాత్రం అతుక్కోలేదు.

2021 మార్చిలో 'ఆల్బా' పార్టీ పెట్టాడు. ఇప్పుడు ఆ భాగహారం గుర్తుచేసుకోండి. ఎస్‌ఎన్‌పీ నియోజకవర్గాలన్నీ ఊడ్చేస్తే జాబితా ఓట్లు పెద్ద అంకెతో భాగించబడి వృథా అవుతాయి, కాబట్టి నియోజకవర్గం వాళ్లకు, జాబితా మాకు వేయండి అన్నాడు. వాదన తప్పు కాదు. ఆ ఎన్నికల్లో ఎస్‌ఎన్‌పీకి 10 లక్షలకు పైగా జాబితా ఓట్లకు దక్కినవి రెండే సీట్లు. కానీ కొత్త పార్టీకి సీటు రావాలంటే ఒక ప్రాంతంలో 5, 6 శాతమైనా తెచ్చుకోవాలి. ఆల్బాకు దేశమంతా కలిపి 1.7 శాతం వచ్చింది, ఒక్క సీటూ రాలేదు. లెక్క సరిగ్గానే వేశాడు. అప్పటికి జనంలో ఆయన మీద ఉన్న అయిష్టం ఎంతో అందులో వేసుకోలేదు.

30వ సెక్షన్ తలుపు కూడా మళ్లీ తెరుచుకోలేదు. 2012 ఒప్పందంతో వచ్చిన ఉత్తర్వు గడువు 2014 డిసెంబరు 31తో అయిపోయింది. లండన్ అనుమతి లేకుండా స్కాటిష్ పార్లమెంటు రెఫరెండం చట్టం చేయలేదని 2022 నవంబరు 23న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది.

సామండ్ 2024 అక్టోబరు 12న ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్‌లో, ఒక సదస్సుకు వెళ్లినచోట, గుండెపోటుతో చనిపోయాడు. వయసు 69. ఆ నెల 29న సొంతూరు చేసుకున్న స్ట్రిఖెన్‌లో ఖననం చేశారు. ఆ ఊరు అబర్డీన్‌షైర్ కౌన్సిల్లో ఉంది. 2014లో ఆ కౌన్సిలు 60 శాతం 'వద్దు' అంది.